సోలిడస్‌లలో అరుదైనది ఏది? బైజాంటైన్ బంగారు నాణేల రకాలను గుర్తించే తీరు

బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని జస్టీనియన్ చక్రవర్తి 38 ఏళ్లు (527–565) పాలించాడు. ఆయన పేరుతో రాజధాని కాన్‌స్టాంటినోపుల్ టంకశాలలో ముద్రించిన సోలిడస్ అనే బంగారు నాణేలు ఇవాళ్టికీ వేలంపాటల్లో తరచూ కనిపిస్తూనే ఉంటాయి. అదే జస్టీనియన్ తన మేనమామ జస్టిన్ పక్కన సింహాసనంపై కూర్చున్న సోలిడస్ మాత్రం మ్యూజియంలకు కూడా అపురూపమే. ఎందుకంటే ఇద్దరూ కలిసి ఏలింది 527 ఏప్రిల్ నుంచి ఆగస్టు 1 దాకా, నాలుగు నెలలు మాత్రమే. చక్రవర్తి పేరు చదివి నాణెం విలువ కట్టేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఒకే పేరు కింద కొల్లలుగా దొరికే రకమూ, చేతివేళ్లమీద లెక్కపెట్టగలిగే రకమూ పక్కపక్కనే ఉంటాయి. వాటిని విడదీసేది ఒక అక్షరం, ఒక నక్షత్రం, కుడిచేతిలోది ఎడమచేతికి మారిన ఒక వస్తువు.

చిక్కేమిటంటే అరుదైన గుర్తుల కంటే అలా భ్రమింపజేసేవే ఎక్కువ. అరుగుదల, అంచు కత్తిరింపు, రెండుసార్లు పడిన సుత్తి దెబ్బ, అచ్చు చెక్కినవాడి పొరపాటు, ఇవన్నీ కొత్త రకంలాగే కనిపిస్తాయి. కాబట్టి పని ప్రారంభించాల్సింది ‘ఇది అరుదైనదే’ అన్న ఆశతో కాదు, ‘ఇది మామూలుదే’ అని నిరూపించే ప్రయత్నంతో. ఆ ప్రయత్నం అన్ని వైపులా బెడిసికొట్టినప్పుడు మాత్రమే అరుదు అన్న మాట ఎత్తాలి.

ముందు త్రాసు, తర్వాతే భూతద్దం

4వ శతాబ్దం తొలినాళ్లలో మొదటి కాన్‌స్టాంటైన్ సోలిడస్‌ను ప్రవేశపెట్టినప్పుడు రోమన్ పౌను బంగారానికి 72 నాణేలు అన్న లెక్క పెట్టాడు. అంటే ఒక్కోటి దాదాపు 4.5 గ్రాములు, వెడల్పు 20 మిల్లీమీటర్ల చుట్టూ. ఆ బరువును 24 కేరట్లుగా విభజించేవారు. ఇక్కడి కేరట్ మన కంసాలి చెప్పే బంగారం వన్నె కాదు, బరువు కొలత. ఒక్కోటి 0.19 గ్రాముకు కాస్త తక్కువ. సగం సోలిడస్‌ను సెమిసిస్ అనీ, మూడో వంతును ట్రెమిసిస్ అనీ పిలిచేవారు. ట్రెమిసిస్ ఒకటిన్నర గ్రాములు తూగుతుంది.

బొరుసు వైపు అడుగున గీత కింద ‘కోనోబ్’ అని ఐదు లాటిన్ అక్షరాలు ఉంటాయి. మొదటి మూడూ కాన్‌స్టాంటినోపుల్‌కు పొడి అక్షరాలు. చివరి రెండూ ‘ఓబ్రిజుమ్’, అంటే మేలిమి బంగారం. గ్రీకు అంకెలుగా చదివితే అవే అక్షరాలు 72 కూడా అవుతాయి. అయితే ఈ గుర్తును ఇతర టంకశాలలు కూడా వాడుకున్నాయి కాబట్టి, కోనోబ్ ఉందని నాణెం రాజధానిలోనే పుట్టిందని తీర్మానించకూడదు.

జస్టీనియన్ కాలం నుంచి ఏడో శతాబ్దం దాకా తేలికపాటి సోలిడస్‌లను కావాలనే ముద్రించారు. 24 కేరట్లకు బదులు 23, 22, 20 కేరట్ల బరువుతో, అంటే సుమారు 4.3, 4.1, 3.75 గ్రాములతో. మోసం కాదని చెప్పడానికి అడుగున అక్షరాలు మార్చారు. 20 కేరట్లదానిపై ‘ఓబ్’ పక్కన రోమన్ అంకెల్లో 20, అంటే రెండు ‘ఎక్స్’లు ఉంటాయి. 22 కేరట్ల నాణెంపై ఓబ్ తర్వాత నక్షత్రం, శిలువ గుర్తులు వస్తాయి. 23 కేరట్లదానిపై ‘బి, ఓ’ల తర్వాత గ్రీకు అక్షరాలు గామా, కప్పా కనిపిస్తాయి. గామా అంటే 3, కప్పా అంటే 20. వీటిని ఎందుకు ముద్రించారన్న దానిపై పండితుల మధ్య తగువు తెగలేదు. సామ్రాజ్యం బయట, ఐరోపాలోనూ దక్షిణ రష్యా మైదానాల్లోనూ ఎక్కువగా దొరకడం వల్ల బయటివారితో చెల్లింపులకని కొందరంటారు.

ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. మొదటిది బరువు ఒక్కటే చూసి తేలికపాటి నాణెమని పేరు పెట్టడం. మామూలు సోలిడస్ చేతులు మారి అరిగితే 4.3 గ్రాములకు తేలిగ్గా దిగిపోతుంది. కత్తిరించినదైతే ఇంకా కిందికి. కానీ కత్తిరించిన నాణెంలో చుట్టూ ఉన్న అక్షరాల తలలో కాళ్లో తెగిపోయి ఉంటాయి, అంచు ఒకచోట నున్నగా, ఒకచోట కోసుగా ఉంటుంది. నిజమైన 20 కేరట్ల నాణెంలో అక్షరాలు పూర్తిగా ఇమిడి ఉండి, బిళ్లే కాస్త చిన్నదిగా ఉంటుంది. రెండో తప్పు దీనికి తలకిందులు. రెండు ఎక్స్‌లు కనిపించగానే సంబరపడి, నాణెం 4.4 గ్రాములు తూగుతోందన్న సంగతి పట్టించుకోకపోవడం. గుర్తుకూ బరువుకూ పొంతన కుదరకపోతే ముందు చదివిన తీరునే అనుమానించాలి. అరిగిన ‘కోనోబ్’లో ‘ఎన్’ గీతలు ఎక్స్‌లా కనిపించడం మామూలే. చదివింది సరైనదే అయితే తర్వాతి అనుమానం నాణెం మీదే.

పేరు చెప్పే అబద్ధాలు

695లో రెండో జస్టీనియన్‌ను దించి, ముక్కు కోయించి, సింహాసనమెక్కిన లియోంటియస్ మూడేళ్లే ఏలాడు. ఆయన నాణేలపై లియోంటియస్ అని ఎక్కడా ఉండదు. ‘డి లియోన్ పీ ఏవీ’ అని ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 717లో గద్దెనెక్కిన మూడో లియో తొలి సోలిడస్‌లపైనా లియోన్ అనే ఉంటుంది. బొరుసు వైపు రెండింటిలోనూ మూడు మెట్లమీద శిలువే. పేరు నమ్ముకుంటే రెండూ ఒకటే అయిపోతాయి.

విడదీసేది దుస్తులు. లియోంటియస్ ఒంటిమీద లోరోస్ ఉంటుంది. రత్నాలు పొదిగిన పొడవాటి పట్టీ అది, ఉత్తరీయంలా ఛాతీమీద ఒకదానిమీద ఒకటి అడ్డంగా పడుతుంది. మూడో లియో కుడిభుజం దగ్గర పిన్ను పెట్టిన క్లామిస్ అనే అంగీ కప్పుకుంటాడు. లియోంటియస్ ఎడమచేతిలో శిలువ ఉన్న గోళం, కుడిచేతిలో చుట్టిన గుడ్డలాంటి అకాకియా. లియో చేతుల్లో ఇవే వస్తువులు చేతులు మారతాయి. పేరు చివర ‘పి ఏ మూల్’ అని ఉంటే అది లియోదే. ‘మూల్’ అంటే ‘చిరకాలం వర్ధిల్లు’ అన్న దీవెనకు పొడి మాట. ఇది 8వ శతాబ్దంలో ఖాయమైన అలవాటు.

ఇలాంటి తికమక ఇదొక్కటే కాదు. రెండో కాన్‌స్టన్స్ (641–668) నాణేలపై పేరు ‘కాన్‌స్టాంటినుస్’ అని ఉంటుంది, ఎందుకంటే ఆయన అధికారిక పేరు అదే, కాన్‌స్టన్స్ ముద్దుపేరు. పిల్లవాడిగా గద్దెనెక్కినప్పుడు గడ్డం లేదు, క్రమంగా పొట్టి గడ్డం వచ్చింది, చివరికి ఛాతీ దాకా పెరిగింది. తేదీ చెప్పేది ఆ గడ్డమే. 654 నుంచి కొడుకు బొమ్మ పక్కన చేరుతుంది. 659 తర్వాత మిగిలిన ఇద్దరు కొడుకులు బొరుసు వైపు నిలబడతారు. రెండో టిబేరియస్ (578–582) పేరులోనూ కాన్‌స్టాంటైన్ ఉంది, అందుకే సగం చెరిగిన అక్షరాల్లో ‘కాన్‌స్టాంట్’ మాత్రమే మిగిలితే ఆయన్ని వేరొకరిగా పొరబడతారు. శిలువను మెట్లమీద నిలబెట్టిన బొమ్మను సోలిడస్ బొరుసుపై స్థిరపరిచింది ఆయనే, తొలి రకంలో మెట్లు నాలుగు.

రెండో జస్టీనియన్ విషయానికొస్తే, ఆయన మొదటి పాలన చివర్లో, 692 ప్రాంతంలో, సోలిడస్ బొమ్మ వైపు మొదటిసారి క్రీస్తు ముఖం వచ్చింది, చక్రవర్తి బొరుసు వైపుకు జరిగాడు. ముక్కు పోయాక పదేళ్లకు, 705లో, తిరిగొచ్చి ముద్రించిన నాణేలపై క్రీస్తు మారిపోయాడు. ఉంగరాల జుట్టు, పొట్టి గడ్డం. మొదటి పాలననాటి పొడవాటి జుట్టు క్రీస్తుకూ ఈ క్రీస్తుకూ పోలికే ఉండదు. దేవుడి పటాలను పూజించవచ్చా కూడదా అన్న వివాదం ముగిశాక, 843 తర్వాత, మూడో మైఖేల్ నాణేలమీద చెక్కిన క్రీస్తుకు నమూనా మాత్రం ఆ మొదటి పొడవాటి జుట్టువాడే. నూటయాభై ఏళ్ల తేడాతో ఒకే ముఖం రావడం వెనుక కథ అది.

ఆ చివరి అక్షరం పనిశాలదా, సంవత్సరానిదా?

బొరుసు వైపు చుట్టూ ‘విక్టోరియా ఆగ్గ్’ అన్న రాత చివర ఒక గ్రీకు అక్షరం ఉంటుంది. కాన్‌స్టాంటినోపుల్ టంకశాలలో పది పనిశాలలు ఉండేవి, ఆల్ఫా నుంచి అయోటా దాకా ఒక్కోదానికి ఒక్కో అక్షరం. ఇందులో లాటిన్ ‘ఎస్’లా కనిపించేది నిజానికి గ్రీకు 6, కొత్త గుర్తు కాదు. పనిశాల అక్షరాన్ని బట్టి నాణెం అరుదో కాదో చెప్పడం చాలా రకాల్లో అర్థంలేని పని, పదింటిలో ఏదో ఒకటి కాస్త తక్కువగా దొరుకుతుంది, అంతే.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నాణెం సంగతి వేరు. అక్కడ అదే చోట ఉన్న అక్షరం సంవత్సరం. ఇండిక్షన్ అనే 15 ఏళ్ల పన్నుల చక్రంలో, సెప్టెంబరు 1న మొదలయ్యే ఏడాదిని అది సూచిస్తుంది. పది దాటిన సంఖ్య, అంటే అయోటా పక్కన ఇంకో అక్షరం, కనిపిస్తే మొదట కార్తేజ్‌నే అనుమానించాలి. చక్రం తిరిగి మొదటికి వస్తుంది కాబట్టి సుదీర్ఘ పాలనల్లో ఒకే అంకె రెండు తేదీలకు సరిపోతుంది. హెరాక్లియస్ (610–641) నాణెంపై ఆల్ఫా ఉంటే అది 612–613 అయినా కావాలి, 627–628 అయినా కావాలి. పక్కన కొడుకు బొమ్మ ఉందా, ఉంటే ఎంత పెద్దవాడయ్యాడు అన్నదాన్ని బట్టి తేల్చాలి.

కార్తేజ్‌ను పట్టించే ఇంకో గుర్తు ఆకారం. ఏడో శతాబ్దంలో అక్కడి సోలిడస్ వెడల్పు తగ్గుతూ మందం పెరుగుతూ వచ్చింది. చివరికి 11–13 మిల్లీమీటర్ల వెడల్పుతో చింతగింజలా ఉబ్బెత్తుగా తయారైంది. బరువు మాత్రం తగ్గలేదు. దీన్ని చూసి ఎవరో పలక బిళ్లను నలగ్గొట్టారని అనుకునేవాళ్లున్నారు. 698లో కార్తేజ్ అరబ్బుల చేతికి పోయాక టంకశాల సార్డీనియాకు తరలింది. అక్కడివి బొరుసు వైపు ‘ఎస్’ గుర్తుతో, మోటు చెక్కడంతో ఉంటాయి, నిజంగానే తక్కువగా దొరుకుతాయి. జస్టీనియన్ కాలపు థెస్సలోనికా టంకశాల సోలిడస్‌లో బొరుసు మీది దేవదూతకు రెండు పక్కలా నక్షత్రాలు ఉంటాయి, రాజధానిదాంట్లో ఒక పక్కనే. ఇటలీలోని రెవెన్నా టంకశాల నాణేలను బొమ్మ చుట్టూ దండలాంటి వలయంతో, పదునైన శైలితో పోల్చుకుంటారు.

హెరాక్లియస్ తిరుగుబాటు నాణేలను (608–610) ఇక్కడే చెప్పుకోవాలి. ఫోకస్ చక్రవర్తిపై కార్తేజ్ నుంచి తిరగబడ్డ తండ్రీకొడుకులు నాణేలపై తమ బొమ్మలు వేసుకున్నారు, కానీ కిరీటం పెట్టుకోలేదు. కాన్సుల్ అనే రోమన్ ఉన్నతాధికారి దుస్తులే, రాతలోనూ కాన్సుల్ బిరుదే. రెండు ముఖాలున్న హెరాక్లియస్ సోలిడస్‌లు వేలాదిగా ఉన్నాయి, వాటిలో తలలమీద కిరీటం లేని జంట కనిపిస్తే నాణెం కింద పెట్టి మళ్లీ చూడాలి.

కిరీటాలపై శిలువలు లేని హెరాక్లియస్ ముగ్గురు మనుషుల రకమైతే కథ మరోవైపు తిరుగుతుంది. డమాస్కస్ నుంచి ఏలిన అరబ్బు ఉమయ్యద్ పాలకులు తమ తొలి బంగారు నాణేలను ఈ బొమ్మనే చూసి, శిలువలు తీసేసి ముద్రించారు. మెట్లమీది శిలువ అడ్డకర్ర పోయి నిలువు కర్ర మిగిలింది. చాలా అరుదు, చాలా ఖరీదు, అందువల్లే శిలువలను గీకేసి తయారుచేసినవీ సంతలో ఉన్నాయి. గీకినచోట బంగారం ఉపరితలం కిందికి దిగి, భూతద్దంలో సన్నని సమాంతర గీతలు కనిపిస్తాయి. అచ్చులోనే లేకుండా చెక్కినదైతే ఆ చోటు చుట్టుపక్కలతో సమంగా ఉంటుంది.

తర్వాతి శతాబ్దాలు

ఐరీన్ మహారాణి ఒంటరిగా ఏలిన 797–802 నాటి నాణెంపై రెండు వైపులా ఆమె బొమ్మే ఉంటుంది, కొడుకు ఆరో కాన్‌స్టాంటైన్ ముఖం ఒక వైపు ఉంటే అది అంతకుముందుది. థియోఫిలస్ (829–842) నాణేల్లో తండ్రి, చనిపోయిన కొడుకు ఉన్న రకం మామూలు. భార్య థియోడోరా, ముగ్గురు కూతుళ్లు తెక్లా, అన్నా, అనస్తాసియా ఉన్నది అత్యంత అరుదు. ఆరో లియో కాలంలో చేతులెత్తి ప్రార్థించే మేరీమాత మొదటిసారి నాణెమెక్కింది. ఆయన తమ్ముడు అలెగ్జాండర్ 912–913లో ఏడాదికి పైగా మాత్రమే ఏలాడు, ఒక సాధువు చేతుల మీదుగా కిరీటం పెట్టించుకుంటున్న ఆయన సోలిడస్ దొరకడం గగనం. 1042లో జోయీ, థియోడోరా అక్కాచెల్లెళ్లు రెండు నెలలు కలిసి ఏలినప్పటి నాణెం కూడా అంతే.

పదో శతాబ్దంలో త్రాసు మళ్లీ అవసరమవుతుంది. నికిఫోరస్ ఫోకస్ (963–969) పాత బరువు నాణెంతో పాటు టెటార్టెరాన్ అనే తేలిక నాణెం తెచ్చాడు. మొదట్లో రెంటికీ బొమ్మ ఒకటే, వెడల్పు ఒకటే. 4.4 గ్రాములకూ 4.05 గ్రాములకూ తేడా తూస్తే తప్ప తెలియదు. తర్వాతి తరాల్లో హిస్టామెనాన్ అని పిలిచే పాత బరువు నాణెం వెడల్పై పలచబడింది, 11వ శతాబ్దం మధ్యకల్లా గిన్నెలా వంపు తిరిగింది. టెటార్టెరాన్ చిన్నగా, మందంగా, చదునుగా ఉండిపోయింది.

నాలుగో మైఖేల్ (1034–1041) నుంచి బంగారంలో వెండి కలపడం మొదలైంది. మూడో నికిఫోరస్ (1078–1081) నాటికి బంగారం మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగిలింది. కాబట్టి ఆయన నాణెం పాలిపోయి తెల్లగా ఉంటే నకిలీ అనుకోనక్కర్లేదు, పసుపుపచ్చగా మెరిస్తేనే అనుమానించాలి. 1092లో అలెక్సియస్ కొమ్నినస్ 20న్నర కేరట్ల వన్నెతో హైపర్‌పైరాన్ అనే కొత్త బంగారు నాణెం ప్రవేశపెట్టి పరిస్థితి చక్కదిద్దాడు. ఇక్కడ చెప్పిన కేరట్ మాత్రం వన్నె కొలతే.

నికియా పాలకుడు మూడో జాన్ (1222–1254) రెండో జాన్ కొమ్నినస్ నాణేన్ని అలాగే అనుకరించాడు. చెక్కడం నాసి, వన్నె తక్కువ, సింహాసనంపైనా పక్కల్లోనూ చుక్కల గుర్తులు ఉంటాయి. 1261 తర్వాత మేరీమాత కోటగోడల మధ్య నిలిచిన రకంలో బురుజుల గుంపులు లెక్కపెట్టాలి. ఎనిమిదో మైఖేల్ కాలంలో ఆరు, రెండో ఆండ్రోనికస్ పాలన సాగేకొద్దీ నాలుగు. 1350ల తొలినాళ్లలో బంగారు ముద్రణే ఆగిపోయింది. చివరి చక్రవర్తి పదకొండో కాన్‌స్టాంటైన్ (1449–1453) పేరుతో బంగారు నాణెం అమ్మకానికి వస్తే ఇంక పరీక్ష అవసరం లేదు. ఆయనవి వెండివే.

నిజమైన బంగారంతో చేసిన నకిలీ

బంగారం స్వచ్ఛమైనది కాబట్టి నాణెం అసలైనదే అన్న వాదన పనికిరాదు. అరుదైన రకం ధర బంగారం ధరకు ఎన్నో రెట్లు కాబట్టి నకిలీ చేసేవాడికి నాలుగున్నర గ్రాముల బంగారం పెట్టుబడి పెద్ద భారం కాదు. కాకపోతే అతను తరచుగా నగల బంగారం వాడతాడు, అక్కడే దొరికిపోతాడు. ఏడో శతాబ్దం సోలిడస్ 97 శాతం స్వచ్ఛమైనదైతే దాని సాంద్రత 18.8 దగ్గర ఉంటుంది. రాగి కలిసిన 916 బంగారానిది 17.6 చుట్టూ. 4.4 గ్రాముల నాణెం నీటిలో తూచినప్పుడు అసలుది 0.234 గ్రాము బరువు కోల్పోతే, 916ది 0.250 గ్రాము కోల్పోతుంది. తేడా 16 మిల్లీగ్రాములు. రెండు దశాంశ స్థానాల త్రాసుతో ఈ పరీక్ష చేసి తీర్పు చెప్పడం వృథా, మిల్లీగ్రాము చూపే త్రాసు కావాలి. నీటిలో ఒక చుక్క సబ్బునీళ్లు వేయకపోతే గాలి బుడగలు అంటుకుని సాంద్రత తగ్గి కనిపిస్తుంది, గిన్నె ఆకారపు నాణేల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. గీటురాయి మీద మాత్రం గీయకూడదు, ఆ గీత ధరను తగ్గిస్తుంది, పైపొరను తప్ప ఏమీ చెప్పదు.

బొమ్మను నిటారుగా పట్టుకుని నాణేన్ని పక్కకు తిప్పితే రాజధాని సోలిడస్‌లలో బొరుసు సాధారణంగా తలకిందులుగా కనిపిస్తుంది. ఇలా లేకపోతే అది రాష్ట్ర టంకశాలది అయ్యుండొచ్చు, అనుమానించాల్సిందీ అయ్యుండొచ్చు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం జంట నాణెం. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలకు బొమ్మ ఒకటే కావచ్చు, కానీ సుత్తితో కొట్టినవాటి అంచు ఆకారం, గీతలు, నొక్కులు ఎన్నటికీ ఒకేలా ఉండవు. ఉన్నాయంటే రెండూ ఒకే పోతలో పుట్టినవి. పాత వేలం పుస్తకాల ఫొటోలు పక్కన పెట్టుకుని ఈ పని చేస్తారు.

36 సోలిడస్‌ల బరువున్న జస్టీనియన్ బంగారు పతకం 1751లో కప్పడోకియాలో దొరికి, పారిస్ చేరి, 1831లో దొంగల పాలై కరిగిపోయింది. మిగిలినవి దాని నమూనాలే. అది ‘మళ్లీ బయటపడింది’ అన్న వార్తలు ఎప్పుడూ అలాంటి నమూనాల గురించే.

దక్కనులో దొరికినవి

5, 6 శతాబ్దాల సోలిడస్‌లు దక్షిణ భారతంలోనూ బయటపడ్డాయి, కర్ణాటకలోని అక్కి ఆలూరు నిధి వాటిలో పేరున్నది. వీటిలో చాలా నాణేలకు చక్రవర్తి తలకు పైన పక్కపక్కనే రెండు రంధ్రాలు ఉంటాయి. కాసులపేరులోలాగా దారం గుచ్చి, బొమ్మ వైపు ముందుకు వచ్చేలా మెడలో వేసుకునేందుకు పొడిచినవి అవి. ఐరోపా వేలంపాటలో రంధ్రం ధర తగ్గించే లోపం. ఇక్కడ మాత్రం జంట రంధ్రం నాణెం ఎక్కడ తిరిగిందో చెప్పే గుర్తు. వాటిని కొత్త బంగారంతో పూడ్చి అమ్మినప్పుడు, పూడ్చినచోట రంగు తేడా, అక్షరాల తెగుదల కనిపిస్తాయి, ఎక్కడిదన్న ఆధారం పోతుంది.

ఈ నిధుల్లోనే స్థానికంగా తయారైన అనుకరణలు కూడా ఉన్నాయి. లాటిన్ రాని కంసాలి అక్షరాలను గీతల వరసగా, తిరగేసి, సగం సగంగా చెక్కాడు. ‘కోనోబ్’ అర్థంలేని నాలుగు గుండ్రాలుగా మారింది. వీటిని నకిలీలని పక్కన పడేయకూడదు, కొత్త చక్రవర్తి నాణెమనీ అనుకోకూడదు, ఇది వేరే వర్గం, కొన్నిసార్లు అసలు కంటే అరుదు. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో ఇలాంటివి దొరికితే, 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన ఏ నిధినైనా జిల్లా కలెక్టర్‌కు తెలియజేయాలి. నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కిందకు వస్తుంది, దేశం దాటించడం నేరం. కడగకుండా, రుద్దకుండా, దొరికిన కుండ పెంకుతో సహా ఉంచితే అది ఏ కాలంలో పూడ్చిపెట్టారో చెప్పడానికి ఆ పెంకే పనికొస్తుంది.